కుడి గోడకి కిటికీ

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్ళి గిన్నెలు తోముకునే రకం నేను. మా నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఏది చెడినా దానికో కారణం ఉంటుందని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఇది చదివి మీరు నవ్వినా నాకు కోపం రాదు. వేరేవాళ్ళు చెబితే నేనూ నవ్వేదాన్నే.

నాకో సరదా ఉంది. కంప్యూటర్లో ఆటలాంటి ఒక లోకం ఉంది. అందులో ఎవరి ఇల్లు వాళ్ళు కట్టుకోవచ్చు, ఒకరింటికి ఒకరు వెళ్ళి చూడొచ్చు. అక్కడ చాలామంది మేడలు కట్టి, దీపాల గుత్తులు వేలాడదీసి పెళ్ళిపందిరి చేసి పెడతారు. నేను చిన్న గదులే చేస్తాను. ఒక కిటికీ, ఒక బల్బు, నాలుగు సామాన్లు. వెలుగు ఎక్కడ పడుతోందో చూసుకుని, అడ్డమొచ్చినవి ఒక్కొక్కటే తీసేస్తాను. ఆ తీసేయడంలోనే ఉంది నా ఆనందమంతా.

పోయిన చలికాలం మా చిన్నప్పటి గది చేద్దామనిపించింది. ఖరగ్‌పూర్‌లోనే న్యూ సెటిల్‌మెంట్ కాలనీలో రైల్వే క్వార్టరు. అవి జంటలుగా ఉంటాయి. మధ్యలో ఒకటే గోడ. ఒక ఇంటికి కిటికీ ఎడమ వైపుంటే, పక్కింటికి కుడి వైపు. మాది ఎడమది, గుమ్మంలో నిలబడితే ఎడమ చేతికి కిటికీ. అలాగే పెట్టాను.

మర్నాడు తెరిస్తే కిటికీ కుడి గోడకి ఉంది. నేనే పొరబడ్డాననుకుని మార్చాను. ఆ మర్నాడు మళ్ళీ కుడికే. మూడోసారి మార్చి, స్క్రీన్‌ని ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకున్నాను. ఆ ఫోటో ఇప్పటికీ ఉంది, అందులో కిటికీ ఎడమ వైపే. తెల్లారేసరికి కుడికి వెళ్ళిపోయింది. నా లాప్‌టాప్ మా ఇంట్లో ఇంకెవరూ ముట్టుకోరు. విసుగొచ్చి వదిలేశాను.

ఆ కిటికీలోంచి పొద్దుటి ఎండ వచ్చి గుమ్మం పక్కన నేల మీద పడేది, చిన్న దుప్పటి పరిచినంత. అక్కడ కుర్చీ పెట్టాను, నప్పలేదు. ట్రంకు పెట్టె పెట్టాను, పూలకుండీ పెట్టాను. ఏది పెట్టినా గది మొహం మాడ్చుకున్నట్టుండేది. అన్నీ తీసేసి ఖాళీగా ఉంచాక ప్రాణం హాయిగా అనిపించింది.

ఇక మా వదిన సంగతి. మా ఆయనకి అక్క. ఆయన నెలల పిల్లాడప్పుడు వాళ్ళమ్మ పోతే, పదేళ్ళ పిల్ల తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. మాది క్రైస్తవ కుటుంబం, వాళ్ళది కాదు. అందుకే వదిన మా పెళ్ళికి రాలేదు. పదకొండేళ్ళుగా నాతో ఒక్క మాట లేదు. నేను ఎదురుగానే ఉన్నా తమ్ముడి వైపు తిరిగి, "టీ వద్దని సెప్పు" అంటుంది. పైకి నవ్వేసేదాన్ని గానీ, లోపల చాలా బాధగా ఉండేది. ఒక్కసారి నా మొహం చూసి మాట్లాడితే చాలనుకునేదాన్ని.

ఒకరోజు పదకొండు గంటలప్పుడు వదిన ఊళ్ళోనే ఝపటాపూర్‌లో ఉన్న మా ఇంటికి వచ్చింది. వాళ్ళాయన పోయాక ఆవిడకి వస్తున్న పెన్షన్ కోసం, బతికే ఉన్నట్టు ఫోన్లో మొహం చూపించాలి. అది తమ్ముడే చేసిపెట్టాలి. ఆయనింకా డ్యూటీ నుంచి రాలేదు. వదిన నాకు వీపు పెట్టి కూర్చుంది. ఎదురుగా బల్ల మీద నా లాప్‌టాప్‌లో ఆ గది తెరిచే ఉంది.

కాసేపయ్యాక చూద్దును కదా, గదిలో ఎండ పడిన ఆ ఖాళీ చోట వదిన స్క్రీన్ మీద వేలు ఆనించి ఉంది.

"ఇక్కడే అమ్మ కూకునీది," అంది. "తమ్ముణ్ణి కాళ్ళ మీద పడుకోబెట్టి నూని రాసీది. అమ్మ పోయినాక అక్కడ నాన్న ఏటీ పెట్టనివ్వలేదు."

అప్పుడు నా వైపు తిరిగింది. "నీకు ఎవులు సెప్పినారు?"

"ఎవులూ సెప్పలేదొదినా. మా ఇల్లనుకునే సేసినాను."

వాళ్ళు పెరిగిన రైల్వే క్వార్టరూ మా రకమే, వేరే వీధిలో, జంటలో కుడిది. నా పెళ్ళినాటికే మామయ్యగారు రిటైరై ఖాళీ చేసేశారు. నేను అందులో అడుగు పెట్టలేదు. లోపలి ఫోటో ఒక్కటి కూడా లేదు. ఆ ఖాళీ చోటు సంగతి మా ఆయన నాకెప్పుడూ చెప్పలేదు. ఎందుకు ఖాళీగా ఉంచారో ఆయనకీ తెలీదట.

వదిన కుర్చీ దగ్గరికి లాక్కుంది. గోడ రంగు ఇది కాదంది. "పసుపు సున్నం. మరీ అంత పసుపు కాదు. ఆఁ, సాలు, సాలు." మా ఆయన వచ్చి, చెప్పులు విప్పడం మర్చిపోయి గుమ్మంలోనే నిలబడిపోయారు. మేమిద్దరం ఆయన్ని పట్టించుకోలేదు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి, సంతోషంతోనే. పెన్షన్ పని మర్నాటికి పడింది.

ఇప్పుడు వదిన వారానికోసారి వస్తుంది. పంచదార ఎక్కువైందని నన్నే తిడుతుంది.

నేనూ ఊరుకోలేదు. ఆ లోకం నడిపేవాళ్ళకి ఫోటోతో సహా రాశాను. జవాబొచ్చింది. వాళ్ళ రికార్డులో నా కిటికీ మొదటి రోజు నుంచీ ఎడమ గోడకే ఉందట, ఎప్పుడూ కదల్లేదట. నాకు కుడి వైపు ఎందుకు కనిపిస్తోందో వాళ్ళకీ అంతుబట్టలేదు. నాకైతే ఈరోజుకీ అంతుబట్టలేదు. కావాలంటే ఆ గది తీసేసి, రికార్డులో ఉన్నట్టు కిటికీ ఎడమకే ఉండేలా మళ్ళీ పెడతామన్నారు.

వద్దని రాశాను.