కోచ్ వోయ్తాకి నేను చెప్పని సారీ

నిన్న పొద్దున ఆఫీస్ కాల్‌లో ఉండగా మెసేజ్ వచ్చింది. కోచ్ వోయ్తా పోయారని.

"అయ్యో!" అన్నాను గట్టిగా.

మ్యూట్‌లో లేను. టీమ్ అంతా విన్నారు.

పోయిన వారమే కదా ఫోన్‌లో మాట్లాడింది. డాక్టర్లు మందులు మార్చారు, కాస్త నయం అన్నారు. ఈ శనివారం ఇంటికొస్తా కోచ్ అన్నాను.

ఇక్కడ అమెరికాలో, ఫ్రిస్కోలో మన తెలుగువాళ్ళ సర్కిల్‌లో సగం మంది పిల్లలకి సాకర్ నేర్పింది ఆయనే. కొత్తవాళ్ళకి తెలీకపోవచ్చు, వాళ్ళ చెక్ దేశంలో ఈయన పేరున్న కోచ్. ఓ చిన్న ఊరి టీమ్‌ని ఫస్ట్ డివిజన్‌కి ఎక్కించారు. మరుసటేడు వరసగా ఓడితే ఆ ఊరివాళ్ళే తీసేశారు.

కూతురు ఇక్కడుంటే వచ్చేసి, మన పదేళ్ళ పిల్లలకి షూ లేసులు కడుతూ సెటిలయ్యారు. ఆ పాత సంగతులు ఆయన చెప్పలేదు, నేనే గూగుల్ చేశా.

ఇప్పుడు నా ఘనకార్యం.

ఆరేళ్ళ కిందట మా అమ్మాయి నిత్యని కోచ్ సగం మ్యాచ్ బెంచ్ మీద కూర్చోబెట్టేవారు. నాకు ఒళ్ళు మండింది. ఐటీ బుర్ర కదా, ఎక్సెల్ తెరిచా. ఏ పిల్ల ఎన్ని నిమిషాలు ఆడిందో మొత్తం, కలర్ కోడింగ్‌తో సహా. క్లబ్ డైరెక్టర్‌ని సీసీలో పెట్టి ఫిర్యాదు మెయిల్ కొట్టా, మా ఆఫీస్ భాషలో ఎస్కలేషన్.

"ఆట కూడా ప్రాజెక్టేనా మీకు?" అంది మా ఆవిడ. వింటేగా.

ఆ శనివారం మ్యాచ్ ముందు కోచ్ పక్కకి పిలిచారు. తిడతారనుకున్నా. పెన్నూ కాగితం చేతిలో పెట్టారు.

"నీకు లెక్కలు బాగా వచ్చు. బాల్ వచ్చేముందు నిత్య తలెత్తి ఎటు చూస్తుందో రాయి."

రాశాను.

టీమ్‌మేట్స్ వైపు మూడుసార్లు. నా వైపు పంతొమ్మిది సార్లు.

నేను పక్కన నిలబడి "కొట్టు! పరిగెత్తు! ఎడమకి!" అని గొంతు చించుకుంటుంటే, పిల్ల పాపం నా మొహం చూసి ఆడుతోంది. ఆ కాగితం ఇవ్వడానికి సిగ్గేసింది. ఆయన చూడను కూడా లేదు, నీ దగ్గరే ఉంచుకో అన్నారు.

పై వారం నుంచి నా ప్లేస్ పార్కింగ్ లాట్‌లో, కార్ పక్కన. సీజన్ అయ్యేసరికి నిత్య ఫుల్ మ్యాచ్ ఆడింది. నా వైపు ఒక్కసారీ చూడలేదు. అంత హాయి నాకెప్పుడూ లేదు.

రెండేళ్ళ తర్వాత అసిస్టెంట్ కోచ్ మాటల్లో తెలిసింది. ఆ ఏడు పెద్ద పిల్లల టాప్ టీమ్ వోయ్తాకే ఇవ్వాలనుకున్నారట. నా మెయిల్ చూసి, పేరెంట్స్‌తో గొడవెందుకని ఇంకొకరికి ఇచ్చేశారట.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. మా ఇంటికొచ్చి బ్రెడ్‌కి ఆవకాయ రాసుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ ఇంకొంచెం వెయ్యమనేవారు.

సారీ చెప్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. తర్వాత చెప్దాంలే, తర్వాత చెప్దాంలే. ఈ శనివారం అందుకే వస్తానన్నది.

చాలా బాధగా ఉంది. సిగ్గుగా కూడా ఉంది.

నిన్న నిత్యకి అంతా చెప్పేశా. ఇప్పుడు దానికి పదహారు.

"నాన్నా, ప్రతి మ్యాచ్ ముందు కోచ్ పార్కింగ్ లాట్ వైపు చూసేవారు. మీ డాడీ అక్కడే ఉన్నారు, ఇంక నువ్వు ఆడుకో అనేవారు" అంది.

ఈ శనివారం దానికి మ్యాచ్ ఉంది కోచ్. నేను అక్కడే ఉంటా. కార్ పక్కనే, నోరు మూసుకుని.

సారీ కోచ్. ఇంక హాయిగా రెస్ట్ తీసుకోండి.