తియ్యమన్నాను, తీసేశారు

"మీరు తియ్యమన్నారు, నేను తీసేశానండీ. తప్పు నాదే," అన్నారు సుందరరావు మాస్టారు, కంప్యూటరు పెట్టెను మా షాపు బల్ల మీద పెడుతూ.

"పోనివ్వండి మాస్టారూ," అన్నాను నేను.

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. ఆ తరువాత ఆయన మెట్లు దిగి వెళ్లిపోయారు, మళ్లీ రాలేదు. ఈ పనిలో నేను చాలా మాటలు తప్పుగా అన్నాను. వాటిలో ఈ "పోనివ్వండి" అంత చెడ్డది ఇంకొకటి లేదు. ఎందుకో తెలియాలంటే మొదటి నుంచి చెప్పాలి.

అది 2006. తాడేపల్లిగూడెంలో స్టేషన్ వైపు వీధిలో, మందుల షాపుకీ టైలరు కొట్టుకీ మధ్య ఇరుకు గది మాది. ఇళ్లల్లో కంప్యూటర్లు పెట్టడం, నెట్ కలపడం, పాడైతే బాగుచేయడం మా ఆయన ప్రభుదాసు పని. ఆయన సైకిల్ మీద ఊళ్లు తిరిగితే, షాపులో ఫోన్ దగ్గర నేను కూర్చునేదాన్ని. ఆ ఏడాది మొదట్లో కామెర్లతో ఆయన పోయారు. షాపు మూసేయమని అందరూ అన్నారు. మూసి ఏం తినను? నేనే నడిపాను.

నాకు ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు. తెలుగు కూడా చదవలేను. అంకెలు మాత్రం బాగా వచ్చు. పెళ్లికి ముందు ఆకివీడులో చేపల పెట్టెల మీద నంబర్లు వేసే పని చేశాను కాబట్టి. అది తెలిసే మా ఆయన నాకు ఈ పనిని అంకెల్లో నేర్పారు. మోడెమ్ అంటే టెలిఫోన్ తీగలో వచ్చే నెట్‌ని కంప్యూటరుకి అందించే చిన్న డబ్బా. దానికి మూడు లైట్లు. మొదటిది కరెంటుకి, రెండోది బయటి తీగకి, మూడోది కంప్యూటరుకి. ఏది ఆరింది, ఏది కొట్టుకుంటోంది అని అడిగితే జబ్బు ఎక్కడుందో సగం తెలిసిపోతుంది. తక్కిన సగం తెర మీద ఉంటుంది. అక్కడ కూడా ఆయన నాకు పేర్లు చెప్పలేదు, వరసలు చెప్పారు. "కుడి బటన్ నొక్కితే గీతలు గీతలుగా వస్తాయి. పైనుంచి అయిదోది" అనేవారు. నేను ఫోన్లో అదే చెప్పేదాన్ని. అవతల చదువుకున్నవాళ్లు నన్ను మేడమ్‌గారూ అనేవారు. ఫోన్లో నా మొహం కనపడదు, నా చదువూ కనపడదు.

జూన్‌లో, బడులు తెరిచిన కొత్తలో, ఒక అప్‌డేట్ వచ్చింది. అప్‌డేట్ అంటే కంప్యూటరు లోపలి ప్రోగ్రాములకు దూరం నుంచి పంపే సవరణ. మనం అడగకపోయినా నెట్‌లోంచి వచ్చి దానంతటదే ఎక్కి కూర్చుంటుంది. అది ఎక్కాక ఆ వారం ఇంటింటా ఒకటే గోల. మోడెమ్ లైట్లు మూడూ బాగుంటాయి, నెట్ మాత్రం రాదు. ఫైర్‌వాల్ అని ఒక కాపలా ప్రోగ్రాము ఉంటుంది, కొత్త సవరణలో అది మన కనెక్షన్‌నే దొంగ అనుకుని ఆపేసింది. తెర మీద ఉండే కనెక్షన్ బొమ్మని తెరిచి, లోపల ఒకచోట టిక్కు తీసేస్తే మళ్లీ వచ్చేస్తుంది. రెండు నిమిషాల పని. గురువారం, శుక్రవారం ఇలా పదిళ్ల దాకా ఫోన్లోనే బాగుచేశాను. ఆయన లేకపోయినా షాపు ఆగదని నా మీద నాకే ముచ్చటేసింది.

శనివారం పదకొండింటికి సుందరరావు మాస్టారు ఫోన్ చేశారు. ఆయనది ఉంగుటూరు పక్క పల్లెటూరు, చిన్న బడిలో పంతులు. లేకలేక పుట్టిన కూతురు గ్రేసీకి ఏడేళ్లు. గుండెలో రంధ్రం. విశాఖలో ఒక ఆసుపత్రివాళ్లు ఉచితంగా ఆపరేషన్ చేస్తామని పేరు రాసుకున్నారు. ఎప్పుడు రావాలో కబురు చేస్తాం, రిపోర్టులన్నీ మెయిల్లో పంపుతూ ఉండండి అన్నారు. ఆ మెయిల్ కోసమే మాస్టారు మా దగ్గర కంప్యూటరు పెట్టించుకున్నారు. ఇంట్లో సెల్‌ఫోన్ లేదు. ఉన్నది ఒక్క ల్యాండ్‌లైనే.

"కరుణమ్మగారాండీ? సుందరరావునండీ. మాకూ పోయిందండీ నెట్టు."

"కంగారు పడకండి మాస్టారూ. అందరికీ పోయింది."

"మాకు కంగారేనండీ మరి. ఈ నెలలోనే కబురొస్తుందన్నారు."

వెనక నుంచి వాళ్లమ్మగారి గొంతు: "రేపు పాస్టరుగారొస్తున్నారుగా, ఆ పెట్టె మీద కూడా చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యమను. మనుషుల కంటే దానికే ఎక్కువ రోగాలు!"

"ఉండవే అమ్మా, ఫోన్లో ఉన్నాను," అని కసిరారు మాస్టారు.

మోడెమ్ దగ్గర గ్రేసీని కూర్చోబెట్టారు. ఫోన్ ఆ పిల్లకిచ్చారు. "మొదటిది పచ్చగా ఉందండీ. రెండోదీ పచ్చగానే ఉంది. మూడోది..." అని ఆగి ఊపిరి పీల్చుకుంది.

"తొందరేం లేదమ్మా, నిదానంగా చెప్పు."

"నిదానంగానే చెప్తున్నానండీ. నేనెప్పుడూ ఇంతేనండీ," అంది నవ్వుతూ.

మూడూ బాగున్నాయి. అంటే జబ్బు లోపలిదే. మాస్టారిని తెర దగ్గర కూర్చోబెట్టి, కనెక్షన్ బొమ్మలుండే చోటికి ఒక్కో మెట్టూ తీసుకెళ్లాను. బొమ్మ మీద కుడి బటన్ నొక్కమన్నాను.

"గీతలు ఎన్ని వచ్చాయండీ?"

"ఏడొచ్చాయండీ."

నాకు తెలిసింది అయిదు. శుక్రవారం దాకా చూసిన అన్ని ఇళ్లలోనూ అయిదే, ఆ అయిదోది నొక్కితే బొమ్మ తెరుచుకునేది. ఆయన కంప్యూటరులో అప్‌డేట్ ఏదో ఎక్కువే ఎక్కినట్టుంది, వరస మారిపోయింది. ఒక్కోటీ చదివి చెప్పండి అంటే మాస్టారు చెప్పేవారే. చెప్పినా ఆ ఇంగ్లీషు మాటల్లో ఏది ఏదో నాకు తెలియదు. అంకె పోయింది కాబట్టి మాట వాడాను.

"అదే మాస్టారూ, ఆ బొమ్మని తియ్యండి."

"తియ్యమంటారా?"

"ఆయ్, తియ్యండి."

"నిజంగానేనా అని అడుగుతోందండీ."

"యస్ నొక్కండి. ఈ సవరణ పడ్డాక ప్రతిదానికీ అలాగే అడుగుతోంది."

బటన్ టిక్కుమనడం ఫోన్లో వినిపించింది. తరువాత ఆయన అన్నారు: "పోయిందండీ."

"ఏం పోయింది?"

"బొమ్మేనండీ. తియ్యమన్నారుగా."

తలుపు తియ్యడమంటే తెరవడం. చెప్పులు తియ్యడమంటే విప్పి అవతల పెట్టడం. నేను తలుపు అనుకుని చెప్పాను, ఆయన చెప్పులు అనుకుని విన్నారు. ఏడు గీతల్లో తీసెయ్యి అనేది ఒకటి ఉందట, దాన్నే నొక్కారు. కనెక్షనే చెరిగిపోయింది. దాంతోపాటు అందులో మా ఆయన దాచి ఉంచిన యూజర్‌నేమూ, పాస్‌వర్డూ కూడా. యూజర్‌నేమ్ అంటే నెట్‌లోకి వెళ్లడానికి మన పేరు. పాస్‌వర్డ్ అంటే దాని తాళం మాట.

ఇక్కడి దాకా జరిగింది పొరపాటు. పొరపాటుకి మందుంది. కొత్త బొమ్మ పెట్టడం నాకొచ్చు. ఆ రెండు మాటలు ఉంటే చాలు.

"మీ ఆయనగారు ఏదో పుస్తకంలో రాసుకున్నారండీ మా ఎదురుగానే," అన్నారు మాస్టారు. "చూస్తారా కాస్త?"

"ఉండండి, చూస్తాను."

ఆ పుస్తకం నా బల్ల సొరుగులోనే ఉంది. ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ. పేజీ పైన ఫోన్ నంబరు. అంకెలు నాకొచ్చు కదా, మాస్టారి నంబరు వెతికితే దొరికింది. దాని కింద మళ్లీ అదే నంబరు ఇంకోసారి రాసి ఉంది. దాని కింద ఒక ఇంగ్లీషు మాట, కలిపిరాతలో, గొలుసులాగా. ఒక్కటే మాట. దాని మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. ఎంత చూసినా అది నాకు గీతలే.

పక్కనే మందుల షాపు. నాలుగు అడుగులు. ఆ అబ్బాయికి చూపిస్తే చదివేవాడు. కానీ అతనే నిన్న సాయంత్రం, "కరుణమ్మగారు ఫోన్లోనే అంతా నడిపించేస్తున్నారండీ, ఏం చదువుకున్నారేంటి?" అని నలుగురిలో అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. ఇవాళ పుస్తకం పట్టుకుని ఎలా వెళ్లను? పోనీ బస్సెక్కి మాస్టారి ఇంటికి వెళ్లొచ్చు. గంట లోపు ప్రయాణం. వెళ్తే తెర ముందు నిలబడాలి. ఆయన పంతులు. నాకు చదవడం రాదని ఒక్క నిమిషంలో పట్టేస్తారు.

ఫోన్ ఎత్తి అన్నాను: "పుస్తకంలో లేదండీ."

"లేదాండీ? నేను చూశానే రాస్తుంటే..."

"మీది రాయడం మర్చిపోయినట్టున్నారండీ."

పోయిన మనిషి మీద పెట్టాను. ఆయన ఏదీ మర్చిపోయే మనిషి కాదు.

పోయిన వివరాలు టెలిఫోన్ ఆఫీసులో ఇస్తారు. ఆ రోజు రెండో శనివారం, సెలవు. మరునాడు ఆదివారం. "సోమవారం వెళ్లి తెచ్చుకోండి మాస్టారూ, ఈలోగా ఏమైపోతుంది," అన్నాను. ఆయన మాత్రం ఊరుకోలేదు. ఇంకో దారి ఉందేమో చూడమని మళ్లీ మళ్లీ చేశారు. నేనూ అడ్డమైన బటన్లన్నీ నొక్కించాను. చేయలేనని చెప్పలేక రెండు దాటేదాకా ఆయన్ని లైన్లోనే ఉంచాను.

సోమవారం మధ్యాహ్నానికి మాస్టారింట్లో నెట్ వచ్చింది. మెయిల్ శనివారమే వచ్చి ఉంది. చోటు ఖాళీ అయింది, సోమవారం ఉదయం పదింటికల్లా పిల్లను చేర్చండి, రాకపోతే జాబితాలో తరువాతివారికి ఇస్తాం అని. కింద ఇంకో మాట కూడా ఉంది: మధ్యాహ్నం రెండుసార్లు ఫోన్ చేశాం, లైను ఖాళీ లేదు, అందుకే మెయిల్ పెడుతున్నాం. లైను ఖాళీ లేకుండా చేసింది నేనే.

దొరికిన రైలెక్కి వెళ్లారు. అప్పటికే వేరే పిల్లవాణ్ని చేర్చుకున్నారు. వాళ్ల తప్పేమీ లేదు, వాడికీ రంధ్రమే. మళ్లీ వంతు వచ్చేదాకా ఆగమన్నారు. గ్రేసీ ఆగలేకపోయింది. ఆ వానాకాలంలోనే జ్వరం వచ్చి, ఊపిరి అందక, ఏలూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలో పోయింది. శనివారమే మెయిల్ చూసి ఉంటే బతికేదా? ఏమో, నేను డాక్టరుని కాదు. కానీ వెళ్లడానికి ఒక అవకాశం ఉండేది. ఆ అవకాశం నా సొరుగులో, నా వేలి కింద ఉంది.

ఆ మెయిల్ సంగతి తెలిసిన వారానికి మా అన్న కూతురు సుధ ఏలూరు నుంచి వచ్చింది. అప్పుడు కాలేజీలో చదువుతోంది. పుస్తకం తెరిచి ఆ పేజీ చూపించాను. "ఇదేంటే ఈ మాట?"

సుధ ఫక్కున నవ్వింది. "పాస్‌వర్డ్ అనే రాసి ఉందత్తా. కొత్త కనెక్షన్లకి మొదట అందరికీ ఇదే ఇస్తారు. మామయ్య మార్చలేదు. యూజర్‌నేమేమో ఫోన్ నంబరే."

అంటే సగం నాకు చదవడం వచ్చింది. రాని సగం పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను ఫోన్లో పలికే మాటే. నేను నవ్వకపోయేసరికి సుధ నవ్వు ఆగిపోయింది.

వానలు తగ్గాక మాస్టారు కంప్యూటరు పట్టుకొచ్చారు. ఇక మాకు దీంతో పని లేదండీ, ఎవరికైనా పనికొస్తే ఇవ్వండి అన్నారు. నేను తల ఎత్తలేదు. అది చూసి ఆ మంచి మనిషి, నేను బాధపడుతున్నానని, తప్పు తన మీద వేసుకున్నారు. మొదట చెప్పానే, ఆ మాట అప్పుడే అన్నారు. పుస్తకం సొరుగులోనే ఉంది. తీసి బల్ల మీద పెట్టి, మాస్టారూ ఇందులో ఉంది, నాకు చదవడం రాక లేదన్నాను అని చెప్పొచ్చు. "పోనివ్వండి" అన్నాను. ఆయన తప్పుని నేను క్షమించినట్టు.

ఈ పని నేర్చుకునేవాళ్లు నన్ను అడుగుతుంటారు, అప్‌డేట్ తరువాత నెట్ పోతే ముందు ఏం చూడాలని. లైట్లు చూడండి. ఏమీ చెరపకముందు యూజర్‌నేమూ పాస్‌వర్డూ కాగితం మీద ఉన్నాయో లేదో చూడండి. ఎవరితోనూ తియ్యండి అనకండి. తెరవండి అనండి, చెరపండి అనండి. ఫోన్లో పావుగంట దాటితే మనిషిని పంపండి, లేదా మీరే వెళ్లండి. నేను మాత్రం ఫోన్ ఎత్తగానే ముందు ఒక మాట చెప్తాను: "నాకు చదవడం రాదండీ, తెర మీద ఉన్నది మీరే చదివి చెప్పాలి." కొందరు ఫోన్ పెట్టేస్తారు. పెట్టేయనీండి.

మాస్టారు ఇంకా ఆ ఊళ్లోనే ఉన్నారని విన్నాను. పేపర్లు, పుస్తకాలు తెప్పించుకుని చదువుతారట. అందుకే ఇది రాయిస్తున్నాను.

సుధా, పెన్ను పక్కన పెట్టు. మొదటి నుంచి చదివి వినిపించు. నా పరువు కాపాడదామని ఎక్కడైనా మెత్తగా రాశావేమో, నాకు తెలియదు కదా. పుస్తకంలో లేదండీ అన్న మాట దగ్గర ఆగు. అక్కడ వేలు పెట్టి, ఏ గీత ఏ అక్షరమో చూపిస్తూ చదువు.