గోడ మీద పాకిన వేళ్లు

మా వదినకు ఒళ్లంతా నొప్పి. రక్తపరీక్షల్లో ఏమీ తేలలేదు, ఎక్స్‌రేల్లో ఏమీ కనబడలేదు. ఫైబ్రోమయాల్జియా అని పెద్ద డాక్టరు చెప్పేదాకా మా ఇంట్లో దాని పేరు బద్ధకం. ఆయన చెప్పాక కూడా మా అన్నయ్య నోట అదే వచ్చేది. అన్నయ్య సంగతి ఎత్తితే నాకు ఒళ్లు మండుతుంది, వదిలేస్తాను.

వదినది కర్టెన్ల కొట్టులో పని. పై అరల్లోంచి తానులు దించడం, పరిచి చూపించడం, చుట్టి మళ్లీ పైకెక్కించడం. నొప్పి ముదిరాక యజమాని దయతలచి, కూర్చుని కర్టెన్లకు రింగులు కుట్టే పని ఇచ్చాడు. ఆ కుర్చీ పోతే ఆమెకు వేరే దిక్కు లేదు.

ఫిజియోథెరపీ అమ్మాయి మరీ మరీ చెప్పింది: "రోజూ కొంచెమే చెయ్యండి. బాగుంది కదా అని ఎక్కువ చెయ్యొద్దు, నొప్పిగా ఉంది కదా అని మానొద్దు." వదిన మధ్యాహ్నం తిన్నాక కొట్టు వెనక సందులో నాలుగడుగులు నడిచేది. గోడకు వేళ్లు ఆనించి మెల్లగా పైకి పాకించేది. కొన్నాళ్లకు తల తనే దువ్వుకుంది. నన్ను కేకేసి మరీ చూపించింది. నాకు ఏడుపాగలేదు.

ఒకరోజు యజమాని ఆ సందులోకి వచ్చాడు. అప్పుడు వదిన చేతులు రెండూ తలపైన ఉన్నాయి.

"చేతులు ఇంత బాగా లేస్తున్నాయే. మరి తానులు దించడానికేం?"

"ఇది వ్యాయామం సార్. బరువులెత్తితే మళ్లీ మంచాన పడతాను."

"వ్యాయామం చేసేవాళ్లకి జబ్బేంటమ్మా?" అని నవ్వాడు. "చేతకాదంటే అది నాకు కనబడాలి కదా."

ఇంట్లో చెబితే, "ఆయనన్నదాంట్లో తప్పేముంది?" అన్నాడు అన్నయ్య. నేను నోరు చేసుకున్నాను.

మర్నాడు వదిన కొట్టుకెళ్లి, ఆ వ్యాయామంతో చేతులు ఇంకా పట్టేశాయని యజమానితో అబద్ధమాడింది. సందులోకి వెళ్లడం మానేసింది. ఇంట్లోనైనా చెయ్యమని బతిమాలాను.

"చేతులు బాగైతే కుర్చీ పోతుంది. దేన్ని ఉంచుకోమంటావు, నువ్వే చెప్పు," అంది.

చలికాలం వచ్చేసరికి భుజాలు బిగుసుకుపోయాయి. వేళ్లలో పట్టు తప్పింది. నిన్న కొట్టులో సూది పట్టుకున్న చెయ్యి ఒళ్లోంచి లేవనేలేదు. యజమాని ఎదురుగానే ఉన్నాడు.

"పాపం, నిజంగానే జబ్బమ్మా నీకు. నేనే అర్థం చేసుకోలేదు. ఇక ఇంటిపట్టున విశ్రాంతి తీసుకో," అన్నాడట. సాయంత్రంలోగా కుర్చీలో ఇంకొకామెను కూర్చోబెట్టాడు.

వదిన ఇంటికొచ్చి, చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలో కూలబడింది.

"నమ్మాడమ్మాయ్," అంది నాతో.