సాంతంగారూ నాలుగు సెకన్ల ప్రోగ్రామూ

“...నిన్నా ఇదే బోర్డు, మొన్నా ఇదే బోర్డు. ఇవాళ కొత్తగా ఏం రాసుంటారండీ అందులో?”

“ఏమీ రాసుండరు.”

“మరి?”

“రాయలేదని చదివితే కదా తెలిసేది! ఒక్క నిమిషం. ‘ఎనిమిది మంది, లేదా...’”

లిఫ్టు తలుపు మూసుకుంది. లోపల ఎవరూ లేకుండానే పైకి వెళ్ళిపోయింది. వెనక నిలబడ్డ పదకొండు మందీ ఒకేసారి నిట్టూర్చారు. పన్నెండో మనిషి కోడలు. ఆమె నిట్టూర్చలేదు. తనకీ ముందున్న పెద్దాయనకీ ఏ సంబంధమూ లేనట్టు గోడకేసి చూస్తూ నిలబడింది. పెళ్ళయి ఆ ఇంటికొచ్చిన మూడేళ్ళలో ఆమె బాగా నేర్చుకున్న విద్య అదొక్కటే.

ముందున్నాయన ఆమె మామగారు. ఆయనకో గుణం ఉంది. కంటపడ్డ రాతని చివరి అక్షరం దాకా చదవందే వదలరు. సబ్బు తీస్తే దాని కాగితం, బస్సెక్కితే టికెట్టు, తర్వాత టికెట్టు వెనక. లిఫ్టులో ఎంతమంది ఎక్కాలో రాసిన బోర్డు రోజుకి రెండుసార్లు, ఎక్కేముందు. అందుకే ఆఫీసులో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. ‘సాంతంగారు’ అంటారు.

ఆఫీసులో తొలిసారి కంప్యూటరు ఇచ్చినప్పుడు అందరూ ‘షరతులకు ఒప్పుకుంటున్నాను’ అన్న గడి నొక్కేసి పనిలో పడ్డారు. సాంతంగారు ఆ గడి దగ్గరే పదకొండు రోజులు ఆగారు. నలభై రెండు పేజీలూ చదివి, పంతొమ్మిదో షరతుకీ ముప్ఫై ఒకటో షరతుకీ పొసగడం లేదని ఆ కంప్యూటరు కంపెనీకి రాశారు. వాళ్ళు నొచ్చుకుని పంతొమ్మిదోదాన్ని మార్చారు. మార్చారు గనక మళ్ళీ మొదట్నించీ చదవాల్సొచ్చింది. ఇంకో పదకొండు రోజులు.

ఇంట్లోనూ ఇదే వరస. ఒకసారి అత్తగారికి జ్వరం వచ్చింది. ఈయన మాత్ర తీసుకురావడానికి వెళ్ళారు. డబ్బాలో మడతపెట్టిన చీటీ కనబడింది.

“ఏమండీ, మాత్ర!”

“ఆగవే, దుష్ఫలితాల్లో ఉన్నాను.”

కాసేపయ్యాక మళ్ళీ, “ఏమండీ!”

“నిల్వ చేసే పద్ధతిలోకొచ్చాను. ఇంకెంత, ఒక్క పేరా.”

“జ్వరం తగ్గిపోయిందండీ.”

“అదే. ఇందులోనూ తగ్గుతుందనే రాశారు.”

అలాంటి మనిషిని ఆ గడియారాల కంపెనీ తెచ్చి తెచ్చి ఉత్తరాల ముందు కూర్చోబెట్టింది.

కంపెనీ అలారం గడియారాలు చేస్తుంది. కొన్నవాళ్ళు తమ గోడు చెప్పుకోవడానికి వెబ్‌సైటులో ఒక ఫారం ఉంది. ఆ ఫారం చేసినతను ‘మీ సందేశం’ అని ఓ పెద్ద గడి పెట్టాడు గానీ, ఈమెయిల్ అడ్రసుకి గడి పెట్టడం మర్చిపోయాడు. ఎవరూ గమనించకముందే వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. దాంతో జనం తమ అడ్రసుని కూడా గోడులోనే కలిపి రాయడం మొదలుపెట్టారు. ఒకరు మొదట్లో రాస్తారు, ఒకరు చివర్లో, ఒకరు తిట్టుకీ తిట్టుకీ మధ్య. ఆ అడ్రసులు ఏరి జాబితా చెయ్యడం సాంతంగారి పని. ముప్ఫై ఒక్క వేల సందేశాలు. మూడేళ్ళలో తొమ్మిది వేలు అయ్యాయి.

“తొమ్మిది వేలు!” అన్నాడు మేనేజరు, కోడల్ని తన గదిలోకి పిలిచి. ఆమె అదే ఆఫీసులో ప్రోగ్రాములు రాసే పనిలో చేరి రెండు నెలలయింది. “అడ్రసు మొదటి లైన్లోనే ఉన్నా ఆయన చివరిదాకా చదువుతాడు. మొన్న వెనక నిలబడి చూశాను. అడ్రసు దొరికింది. రాసుకున్నాడు. ఆపాలా లేదా? ఆపలేదు! ఇంకో మూడు పేజీలు చదివాడు. మధ్యలో ఒకసారి ‘అయ్యో’ అన్నాడు కూడా!”

“నాకు తెలుసు సార్.”

“మీ మామగారని మొహమాటపడకు. శుక్రవారం సాయంత్రం కొత్త మోడల్ ప్రకటన అందరికీ వెళ్ళాలి. ఆలోగా అడ్రసులన్నీ లాగేసే ప్రోగ్రాం రాయి. నువ్వు కాదంటే బయటివాళ్ళ చేత రాయిస్తాను.”

“రాస్తాను సార్. మరి మామయ్యగారు?”

“సోమవారం నుంచి గోడౌన్.”

గోడౌన్ ఊరి చివర ఉంది. మడతపెట్టిన ఖాళీ అట్టపెట్టెలు తప్ప అక్కడేమీ ఉండవు. ఒక్కో పెట్టె మీదా ‘ఈ వైపు పైకి’ అని రాసుంటుంది. ఎంత నెమ్మదిగా చదివినా సాంతంగారికి అది ఒక పూటకి కూడా రాదు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర విషయం చెప్పింది. అత్తగారు గరిటె కింద పెట్టేశారు. “సొంత మామగారి కుర్చీ లాగడానికి చదువుకున్నావుటే అమ్మాయ్?”

“నువ్వూరుకో,” అన్నారు సాంతంగారు. “పని చెప్పినప్పుడు చెయ్యాలి. రాయమ్మా.” రెండు ముద్దలు తిన్నాక అడిగారు. “అవునూ, ఆ ప్రోగ్రాము ఉత్తరాలు చదువుతుందా?”

“చదవదు మామయ్యగారూ. వెతుకుతుంది. @ గుర్తు ఎక్కడుందో పట్టుకుని, దానికి అటూ ఇటూ ఖాళీ వచ్చేదాకా ఉన్నదంతా కోసుకొస్తుంది.”

“మిగతాది?”

“వదిలేస్తుంది.”

“చదవకుండానే వెతుక్కోవాలా!” అన్నారు సాంతంగారు, ముద్ద కలపడం ఆపి. “పాపం.”

ఆయన జాలిపడింది ప్రోగ్రాము మీద.

ప్రోగ్రాము పదిహేను లైన్లు. మొదటిసారి నడిపితే అడ్రసులతో పాటు వాటి పక్కనున్న ఫుల్‌స్టాపుల్నీ కామాల్నీ మోసుకొచ్చింది. ఒకావిడ ఉత్తరం చివర అందం కోసం @ గుర్తులు నలభై వరసగా వేసింది. ప్రోగ్రాము వాటిని నలభై మంది మనుషులనుకుంది. ఇంకొకాయన ‘ఆ తోక చుట్టుకున్న గుర్తు నా కీబోర్డులో లేదు, మీరే వేసుకోండి’ అని రాశాడు. ఆయన్ని అసలు లెక్కలోకే తీసుకోలేదు. కోడలు ఒక్కొక్కటీ సరిచేసి, బుధవారం మధ్యాహ్నం మేనేజరు ఎదురుగా నడిపింది.

నాలుగు సెకన్లు పట్టింది.

మేనేజరు కుర్చీలోంచి లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చాడు. “మూడేళ్ళు! నాలుగు సెకన్లు!” అని మళ్ళీ కిటికీ దాకా వెళ్ళాడు. “అన్నట్టు, అందరికన్నా ఎక్కువసార్లు రాసిందెవరో చూడు. వాళ్ళకో గడియారం బహుమతిగా ఇద్దాం.”

ఆమె వరస మార్చింది. రెండో స్థానంలో ఉన్న అడ్రసు పదకొండు సార్లు వచ్చింది. మొదటి స్థానంలో ఉన్నది పద్దెనిమిది వందల డెబ్బై సార్లు.

మేనేజరు మొహం మాడిపోయింది. “పద్దెనిమిది వందల డెబ్బై ఫిర్యాదులా? ఒక్కడే? వీడు మనిషా, మర మనిషా? పేరు కూడా లేదు, అన్నీ అంకెలు! వీడికి గడియారం కాదు, నోటీసు ఇవ్వాలి. ఎవడో శుక్రవారం లోపు తేల్చు.”

కోడలికి తేల్చాల్సిన పని లేకపోయింది. ఆ అంకెల్లో మొదటివి వాళ్ళింటి నంబరు, తర్వాతవి అత్తగారి పుట్టినరోజు. ఇంటికొచ్చిన కొత్తలో మామగారికి ఆ అడ్రసు తెరిచిచ్చింది తనే. షరతులన్నీ చదివాక వాడతానన్నారాయన. ఇంకా చదువుతున్నారనే ఆమె అనుకుంటోంది.

తన బల్ల దగ్గరికొచ్చి, ఆ అడ్రసు ఉన్న సందేశాల్లో మొదటిది తెరిచింది.

‘అయ్యా, మీ కంపెనీ జవాబివ్వలేదు. కానీ ఈ కింద రాసిన అడ్రసు నుంచి ఒక పెద్దాయన రాశారు. గడియారం వెనక మీటని ఎడమవైపుకి తిప్పమన్నారు. తిప్పాను, మోగింది. ఆయన మీ మనిషే అయితే ప్రమోషన్ ఇవ్వండి. కాకపోతే ఉద్యోగం ఇవ్వండి.’

రెండోది: ‘మా ఆడపడుచు గురించి నాలుగు పేజీలు రాసి, చివర్లో గడియారం ఆగిపోయిందని ఒక లైను రాశాను. ఈ అడ్రసు పెద్దాయన నాలుగు పేజీలకీ జవాబిచ్చారు. ఇప్పుడు ఆడపడుచూ నేనూ మాట్లాడుకుంటున్నాం. గడియారం మాత్రం ఇంకా ఆగే ఉంది. పర్వాలేదు, తొందర లేదు.’

మూడోది: ‘టిక్కుటిక్కుమనే చప్పుడుకి పిల్లవాడు నిద్రపోవడం లేదంటే, తువాలులో చుట్టి గిన్నెలో పెట్టమన్నారు. పిల్లవాడు పడుకున్నాడు. ఇప్పుడు టైమెంతయిందో తెలియడం లేదు. దీనికి కూడా ఏదో ఒకటి చెప్పమనండి.’

ఇంకొకతను బస్సు డ్రైవరు. అలారం పాడై రెండుసార్లు డ్యూటీకి ఆలస్యమయ్యాడట. కొత్తది వచ్చేదాకా, ఈ అడ్రసు పెద్దాయన తొమ్మిది రోజులు తెల్లవారుజామున ఫోన్ చేసి లేపారట.

కోడలు ఆ సాయంత్రం ఇంటికెళ్ళి అత్తగారిని అడిగింది. “అత్తయ్యా, మామయ్యగారు రోజూ పొద్దున్నే ఆ గది తలుపేసుకుని ఏం చేస్తారు?”

“ఏం చేస్తారు, పేపరు చదువుతారు. టెండర్ నోటీసులతో సహా. అందుకే రెండు గంటలు.” అత్తగారు ఏదో గుర్తొచ్చి ఆగారు. “ఒక పది రోజులు మాత్రం, తెల్లారకుండానే ‘లేవండి, లేవండి’ అని ఒకటే గోల. నన్నేమో అనుకుని నేను రోజూ లేచి కూర్చునేదాన్ని. తీరా బయటికొచ్చి, నువ్వెందుకు లేచావే అనేవారు.”

సాంతంగారు వరండాలో కొత్త పళ్ళపొడి డబ్బా చదువుతున్నారు. కోడలు అది పూర్తయ్యేదాకా ఆగింది. ఆ ఇంట్లో మధ్యలో మాట్లాడించి లాభం లేదు.

“అందరికీ మీరే జవాబులు రాస్తున్నారా మామయ్యగారూ?”

దొంగతనం బయటపడ్డట్టు ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. “చివరిదాకా చదివేశాక ఊరుకోవడం ఎలా అమ్మా? బాగుండదు కదా.”

“మరి ఆఫీసు నుంచే రాయొచ్చుగా?”

“కూడదు. నా నియామకపు కాగితంలో పధ్నాలుగో పేజీలో ఉంది. ‘ఆఫీసు వేళల్లో, ఆఫీసు అడ్రసు నుంచి జవాబులు ఇవ్వరాదు’ అని. మొత్తం చదివాను. ఇంటి గురించి ఎక్కడా లేదు.”

“ఈ మాట మేనేజరుకి చెప్పండి. గోడౌన్ తప్పుతుంది.”

“నేను చెప్పుకుంటే ఏం బాగుంటుంది? అయినా గోడౌన్‌కి వెళ్ళినా పొద్దున ఖాళీయే కదా.” కళ్ళద్దాలు పెట్టుకుని, “కాకపోతే ఉత్తరాలు కనబడవు. అదొక్కటే ఇబ్బంది,” అన్నారు. మళ్ళీ డబ్బా తిప్పి అడుగున ఏమైనా రాసుందేమో చూశారు.

గురువారమంతా కోడలు ఇంకే పనీ చెయ్యలేదు. పద్దెనిమిది వందల డెబ్బై ఉత్తరాల్లో చదవగలిగినన్ని చదివింది. మధ్యలో టీ తెచ్చినతను రెండుసార్లు పిలిచాడు. “ఆగండి, చివరికొచ్చాను,” అంది ఆమె తలెత్తకుండా. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని తెలిసి ఒక క్షణం భయపడింది. మళ్ళీ చదువుకుంది.

శుక్రవారం పొద్దున్నే ఏరిన నలభై ఉత్తరాలు అచ్చుతీసి మేనేజరు బల్ల మీద పెట్టింది. “ఆ అడ్రసు మామయ్యగారిది సార్. ఇవి ఆయన ఫిర్యాదులు కావు. ఆయన గురించి మనకి రాసినవి.”

“ఆయనదా!” మేనేజరు లేచాడు. “కంపెనీ తరఫున జవాబులు రాయడానికి ఆయనెవరు? నేను చెప్పానా? ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు సార్. ఆఫీసు నుంచి జవాబులు ఇవ్వరాదని నియామకపు కాగితం పధ్నాలుగో పేజీలో ఉందని, రోజూ పొద్దున్నే ఇంట్లో కూర్చుని రాస్తున్నారు. చదవండి.”

“నాకు టైము లేదు. సారాంశం చెప్పు.”

“సారాంశం రాదు సార్. పోనీ, పైనుంచి ఓ మూడు చదవండి.”

పైనుంచి మూడోది ఏదో ఆమెకి తెలుసు. తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చింది.

మొదటి ఉత్తరానికి లోపల్నించి ఓ చిన్న హుంకారం వినబడింది. రెండోదానికి, ఆ ఆడపడుచు ఉత్తరం కాబోలు, నవ్వు ఆపుకోబోయి దగ్గాడు. తర్వాత కాగితం తిప్పిన చప్పుడయింది.

మూడో ఉత్తరం ఇది:

‘నాయనా, ఈ అడ్రసు నుంచి నువ్వు చెప్పినట్టే మీట తిప్పాను. గడియారం బాగానే మోగుతోంది. ఫిర్యాదు లేకపోతే ఈ ఫారంలో రాయనివ్వరేమోనని, గంటల ముల్లు కాస్త వంకరగా ఉందని రాస్తున్నాను. నిజానికి వంకర లేదు. మా అబ్బాయి మీ కంపెనీలోనే మేనేజరు. గడియారం వాడిచ్చిందే. మోగడం లేదని ఫోన్ చేస్తే, ఫారం నింపమ్మా, ఎవరికైనా ఒకటే పద్ధతి అన్నాడు. చిన్నప్పట్నించీ పద్ధతి గల పిల్లవాడే. వాడికి తీరిక ఉండదు. నువ్వు నా మోకాలి గురించి కూడా అడిగావు. ఇప్పుడు మెట్లు ఎక్కగలుగుతున్నాను. వాడు కనబడితే చెప్పు. నేను రాసినట్టు చెప్పకు.’

పదకొండింటికి మీటింగుంది. మేనేజరు వెళ్ళలేదు. పన్నెండింటికి ఎవరో తలుపు తడితే, “ఉండవయ్యా, ఇంకా పదిహేను ఉన్నాయి!” అని అరిచాడు. ఒంటిగంట దాటాక బయటికొచ్చాడు. చేతిలో ఒకే ఒక్క కాగితం, నాలుగు మడతలు పెట్టి ఉంది. తిన్నగా కోడలి బల్ల దగ్గరికి నడిచాడు. ఎదురు వరసలో సాంతంగారు ఏదో సందేశం నాలుగో పేజీలో ఉన్నారు, తలెత్తలేదు.

“గోడౌన్‌కి ఎవరూ వెళ్ళక్కర్లేదు,” అన్నాడు మేనేజరు గొంతు తగ్గించి. “పెట్టెలు వాటంతటవే ఉంటాయి. పొద్దున్నే ఇంట్లో చేసే ఆ పని, సోమవారం నుంచి ఇక్కడే చెయ్యమను. పధ్నాలుగో పేజీ సంగతి నేను చూసుకుంటాను.”

“సరే సార్.”

“నీ ప్రోగ్రాం అడ్రసులు తీసి ఇస్తుంది. చదివేది ఆయనే.”

“సరే సార్.”

మేనేజరు తన గది దాకా వెళ్ళి, తలుపు మీద చెయ్యి వేసి, మళ్ళీ వెనక్కొచ్చాడు. మడత కాగితం ఆమెకి చూపించి జేబులో పెట్టుకున్నాడు.

“దీనికి మాత్రం ఆయన్ని రాయొద్దని చెప్పు. దీనికి నేను రాస్తాను.”