పై కుళాయికి నీళ్లొచ్చిన రోజు

నా చిన్నప్పుడు చీరాలలో మా వీధికి రెండే మున్సిపాలిటీ కుళాయిలు. ఒకటి మా ఇంటి ముందు, రెండోది వీధి చివర, నూలుకు రంగు వేసే అక్క ఇంటి దగ్గర. పొద్దున ఒక్క గంట నీళ్లు వదిలేవారు. వేసవి వచ్చిందంటే ధార దారప్పోగంత సన్నబడేది. మా నాయనమ్మకు మడినీళ్లు పట్టడం నా పని. బిందె నిండేలోపు నాకొచ్చిన స్తోత్రాలన్నీ అయిపోయేవి.

ఒక ఏడు నాయనమ్మకు ఓపిక నశించింది. బాబాయి చేత కుళాయి చుట్టూ నడుములోతు గొయ్యి తీయించి, గొట్టం కోయించి, కుళాయిని అడుగుకు దింపించింది. మర్నాడు నీళ్లు దూకాయి. “పాతాళగంగను తెచ్చావు పిన్నీ” అని ఆడవాళ్లంతా మెచ్చుకున్నారు. ఆ గోతిలోకి దిగి ఎక్కడం నాకు ఆటయింది.

నాలుగో రోజు రంగుల అక్క పరుగున వచ్చింది. మోచేతుల దాకా ఎరుపు. వాళ్ల కుళాయికి మూడు రోజులుగా చుక్క లేదట. ఈ రోజైనా వస్తాయని నమ్మి రంగు కాచింది. రంగులోంచి తీసిన నూలును వెంటనే జాడించకపోతే మచ్చలు పడుతుంది. మచ్చపడితే షావుకారు మళ్లీ పని ఇవ్వడు.

“ఆ చేతుల్తో కుళాయి ముట్టుకోకే తల్లీ, మడినీళ్లు” అంది నాయనమ్మ.

“ముట్టుకోనండీ. మీది కాసేపు కట్టేయండి, చాలు.”

“మాది కడితే మీకెట్టా వస్తాయే? గారడీనా?”

అప్పుడే, మున్సిపాలిటీ తరఫున వీధులకు నీళ్లు వదిలే ముసలి తాతయ్య, నీళ్లు తిప్పే పొడవాటి ఇనుప తాళంచెవి భుజాన వేసుకుని అటు వచ్చాడు. గొయ్యి చూశాడు గానీ కేకలేయలేదు. మా దొడ్లో బొప్పాయి కాడ విరిచి, అడుగున మట్టి కూరి, మేకుతో పైన ఒక చిల్లు, కింద ఒక చిల్లు పొడిచాడు. దాన్ని నిలబెట్టి పట్టుకుని, చెంబుతో సన్నగా నీళ్లు పొయ్యమన్నాడు. పోసినవన్నీ కింది చిల్లులోంచే కారిపోయాయి. పైది తడవనైనా తడవలేదు.

“కిందదానికి బొటనవేలు అడ్డం పెట్టమ్మాయ్.”

పెట్టాను. నీళ్లు కాడలో పైకెక్కి, పై చిల్లులోంచి నాయనమ్మ మడిచీర మీద చిమ్మాయి.

“ఇప్పుడు నువ్వే మున్సిపాలిటీవి” అన్నాడు తాతయ్య.

అందరూ నవ్వారు. నాయనమ్మ నవ్వలేదు. తడిసిన కొంగైనా చూసుకోకుండా గోతిలోకి దిగి తన చేత్తోనే కుళాయి కట్టేసింది. “మరి మా బిందెల సంగతో?” అన్నారెవరో. “ఆ పిల్ల నూలు జాడించిందాకా కూర్చోండి” అంది.

నేను అక్క వెంట వీధి చివరికి పరుగెత్తాను. ఆ కుళాయి రెండుసార్లు ఉత్తగాలి వదిలింది. అక్క కళ్లు మూసుకుంది. తర్వాత నీళ్లొచ్చాయి. నూలంతా జాడించింది. ఎర్రనీళ్లు మా పాదాల మీదుగా పారాయి. నూలు ఒక్క మచ్చ లేకుండా తేలింది. ఆ వారంలోనే బాబాయి గొయ్యి పూడ్చి, కుళాయిని మళ్లీ పైకి తెచ్చాడు.

బడి ముఖం చూడని నాకు ఆ పాఠం చెప్పిన తాతయ్యకు ఎంతో రుణపడ్డాను. ఆ వయసులో దాన్ని విని ఒప్పుకున్నది మా నాయనమ్మ, అందుకు ఆమెకూ. ఇప్పటికీ దేవుడి ముందు నిలబడి ‘స్వామీ, నాకిది ఇవ్వు’ అని అడగబోయి, ఒక్క క్షణం ఆగుతాను. అది ఎవరి కుళాయిలోంచి రావాలో ఆలోచించుకుని, అప్పుడు అడుగుతాను. చాలాసార్లు అడగకుండానే దణ్ణం పెట్టి వచ్చేస్తాను.