రిలేకి రాని దమయంతి

అమెరికాలోని నోవై ఊళ్ళో తెలుగువాళ్ళ రన్నింగ్ గ్రూపును పెట్టింది నరసింహ. దమయంతికి పరుగు నేర్పిందీ ఆయనే. ఆమెకు నలభై నాలుగేళ్ళప్పుడు, షుగరు వచ్చేలా ఉందని డాక్టరు చెప్పిన చలికాలంలో, వారానికి మూడు రోజులు ఇంటి ముందు కారాపి ఆమెను పార్కుకు తీసుకెళ్ళాడు. ఆ సంగతి ఆమె మరిచిపోలేదు. మరిచిపోగలిగితే ఆయన్ని ద్వేషించడం ఇంకా తేలికయ్యేది.

ఆ ద్వేషం నిరుడు అక్టోబరులో మొదలైంది. ఇరవై ఆరు మైళ్ళ మారథాన్‌కు ముందు చివరి నెలలో మూడు రేసులు పెట్టాడు నరసింహ. ఆఖరిది ఇంకా ఎనిమిది రోజులుందనగా హాఫ్ మారథాన్. "ఫుల్‌గా కొట్టండి, కాన్ఫిడెన్స్ వస్తది" అన్నాడు. ఆమె నమ్మి ప్రాణం పెట్టి పరిగెత్తింది. ఎనిమిది రోజుల తర్వాత అసలు రేసులో, పంతొమ్మిదో మైలు దగ్గర కాళ్ళు కొయ్యబారిపోయాయి. నాలుగు గంటల్లోపు పూర్తి చేయాలనుకున్నది నాలుగున్నర దాటింది. ఆ సాయంత్రమే గ్రూపులో ఆయన మెసేజ్: "దమయంతి గారికి లెగ్స్ ఉన్నయ్, మైండ్ లేదు. నెక్స్ట్ ఇయర్ దాని మీద వర్క్ చేద్దాం." దాని కింద పదకొండు మంది నవ్వు బొమ్మలు పెట్టారు. వాళ్ళెవరెవరో ఆమెకు ఇప్పటికీ గుర్తే.

దమయంతి ఉద్యోగం కారు బ్రేకుల టెస్టింగ్. ఏ భాగం ఎంత వేడికి ఎన్నిసార్లు తట్టుకుంటుందో, ఆ తర్వాత చల్లారడానికి ఎంతసేపు వదలాలో ఇరవై ఏళ్ళుగా చూస్తున్న మనిషి. ఈ ఏడు తన ప్లాన్ తానే వేసుకుంది. అసలు రేసుకు నాలుగు వారాల ముందు ఒక హాఫ్ మారథాన్, అదీ పది మైళ్ళు మారథాన్ వేగంతోనే పరిగెత్తి, చివరి మూడే గట్టిగా. రెండు వారాల ముందు ఒక టెన్‌కే, అంటే పది కిలోమీటర్ల రేసు. రెండింటిలోనూ అసలు రోజున వేసుకోబోయే బూట్లే, తినబోయే ఓట్సే. ఇంకా మూడు వారాలుందనగా మైళ్ళు తగ్గించడం మొదలుపెట్టి, వారానికి నలభై నుంచి ముప్పైకి, ముప్పై నుంచి ఇరవైకి దించింది.

టెన్‌కే అయిన మర్నాడు పార్కింగ్ లాట్‌లో అందరూ ఫ్లాస్కుల్లో కాఫీ తాగుతుండగా నరసింహ అన్నాడు: "నెక్స్ట్ సాటర్డే రిలేలో మీరు థర్డ్ లెగ్. ఏడు మైళ్ళే."

"నేను రాను. అప్పటికి నా రేసుకు ఎనిమిది రోజులే ఉంటాయి."

"ఏడు మైళ్ళకు ఏమైతదండీ? టీమ్ కోసం ఆ మాత్రం చెయ్యలేరా?"

"పోయినేడు మీరన్నట్టే ఎనిమిది రోజుల ముందు పరిగెత్తాను కదా. ఏమైందో మీరే అందరికీ రాశారు."

చుట్టూ ఉన్నవాళ్ళు కప్పుల్లోకి చూశారు. నరసింహ నవ్వాడు. "అదింకా మనసులో పెట్టుకున్నరా? ఇంటర్నెట్‌ల చదివి రెస్ట్ తీసుకుంటే మారథాన్ అయితదా? మీకు ఫస్ట్ మైలు రన్ చేయించింది ఎవరు?"

"నువ్వే. అంతమాత్రాన నా కాళ్ళు నీకు రాసివ్వలేదు నరసింహా."

'మీరు' పోయింది. అది అందరికీ వినిపించింది. ఆయన ముఖం నల్లబడింది. ఆమె కారెక్కి వెళ్ళిపోయింది.

ఆ తర్వాతి రోజులు ఇంట్లోవాళ్ళకు నరకమయ్యాయి. పరుగు తగ్గిన కొద్దీ ఆమె కాళ్ళకు లేనిపోని నొప్పులు వచ్చాయి, కోపానికి బయటికి దారి లేకుండా పోయింది. భర్త రాజారావు రెండుసార్లు దగ్గితే, జలుబు అంటిస్తాడని దిండు, దుప్పటి చేతికిచ్చి బేస్‌మెంట్‌కు పంపింది. కూతురు అనిక భయంభయంగానే అంది: "అమ్మా, ప్లీజ్, ఒక లాంగ్ రన్‌కి వెళ్ళు. నేనూ డాడీ ఇంక హ్యాండిల్ చెయ్యలేము." దమయంతి వెళ్ళలేదు. మోకాలు సలుపుతోందని ఒకసారి, సలపడం లేదేమిటని ఒకసారి తిట్టుకుంటూ కూర్చుంది.

రిలేలో మనిషి తక్కువపడితే నరసింహ తన వంతు లెగ్‌తో పాటు ఆమె వంతూ తానే పరిగెత్తాడు, పద్నాలుగు మైళ్ళు. ఫొటో కింద రాశాడు: "కొందరు రెస్ట్ తీసుకుంటరు. కొందరు రన్ చేస్తరు."

మారథాన్ రోజున ఆమె మొదటి మైళ్ళు కావాలనే నెమ్మదిగా పరిగెత్తింది. అదే రేసులో నరసింహ చాలా ముందున్నాడు. ఇరవై ఒకటో మైలు దగ్గర, నది పక్క రోడ్డు మీద ఆయన కనిపించాడు. పిక్క పట్టేసి, రెయిలింగ్ పట్టుకుని కుంటుతున్నాడు. ఆమెను చూశాడు.

"దమయంతీ, సాల్ట్ ఉందా?"

ఆమె జేబులో, పిక్కలు పట్టేస్తే వేసుకునే ఉప్పు మాత్రలు రెండున్నాయి. అప్పటికి వాటి అవసరం కూడా ఆమెకు లేదు.

"ఉంది," అంది. ఆగలేదు.

మూడు గంటల యాభై ఎనిమిది నిమిషాల్లో గీత దాటింది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. అవతల రాజారావు కోటు పట్టుకుని నిలబడి, దగ్గు ఆపుకుంటున్నాడు. అతని చేయి పట్టుకుంది.

నరసింహ నడిచి నడిచి అయిదు గంటల టైముతో చేరాడు. ఆ రాత్రే గ్రూపులో పెట్టాడు: దగ్గర సాల్ట్ ఉండి కూడా ఒక టీమ్‌మేట్ సాయం చేయలేదని. పేరు రాయలేదు, రాయనక్కరలేకపోయింది. 'షేమ్' అని ఇద్దరు, 'అయ్యో' అని అయిదారుగురు అన్నారు. దమయంతి ఆ మెసేజ్ రెండుసార్లు చదివింది. అబద్ధమేమీ లేదు. చివరికి టైపు చేసింది: "రెండు మాత్రలు ఉన్నాయి. ఇవ్వలేదు. నిజమే." పంపించి, గ్రూపులోంచి బయటికొచ్చేసింది.

"ఇచ్చి ఉండాల్సింది," అన్నాడు రాజారావు.

"తెలుసు," అంది. మళ్ళీ అదే చోటుకు వెళ్తే ఇస్తుందా అంటే, అది మాత్రం ఆమె చెప్పలేకపోయింది.

గ్రూపులోని స్మృతి అనే అమ్మాయి వారం తర్వాత ఫోన్ చేసి, ఆంటీ మీ ప్లాన్ పంపుతారా అని అడిగింది. పంపింది. నరసింహ అంకుల్ వసంతకాలం మారథాన్‌కు చివరి రేసును ఎనిమిది రోజుల ముందు కాకుండా నాలుగు వారాల ముందే పెట్టారని, ఎవరి సలహాతో అన్నది చెప్పలేదని కూడా ఆ పిల్లే చెప్పింది.

"ఇప్పుడా," అంది దమయంతి.

ఇప్పటికీ శనివారాలు పార్కులో ఒకరికొకరు ఎదురవుతూనే ఉంటారు. ఇద్దరూ చెయ్యెత్తరు. ఇద్దరూ వేగం కాస్త పెంచుతారు.