ఆయిల్ ఇసుకలో అడుగులు

మెకానిక్ షాపులో కాలిన ఇంజిన్ ఆయిల్ వాసన తగిలితే గోదావరిఖనిలో మా గోల్ఫ్ మైదానం గుర్తొస్తుంది. అక్కడ బంతి పడాల్సిన గుంట చుట్టూ గడ్డి ఉండేది కాదు, బంతి సాఫీగా దొర్లేందుకు ఆ ఆయిల్ కలిపి చదును చేసిన ఇసుక ఉండేది. బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన డేవిడ్ కాక కాలనీ ఆడపిల్లలకు ఆట నేర్పేవాడు. బంతి గుంటలో పడగానే ఆ ఇసుకలో మా కాలిగుర్తులు మాతోనే చెరిపించేవాడు. నేను బాగా ఆడలేదని నా గుర్తులు కూడా ఉండనివ్వడం లేదనుకుని ఓరోజు ఏడ్చాను.

"గట్ల గాదు బిడ్డా. గనిల గూడ గింతే. మన ఎనుక షిఫ్టుకు వచ్చేటోళ్లకు జాగ మంచిగ జేసి ఇయ్యాలె," అన్నాడు.

డేవిడ్ కాక చనిపోయాడు. మైదానాన్ని తవ్వి ఓపెన్‌కాస్ట్ గని చేశారు. ఇప్పటికీ నా తర్వాత వచ్చేవాళ్లకు చోటు శుభ్రం చేసే ఇస్తాను. ఆ ఇసుకలో కాక అడుగు ఒక్కటి మాత్రం చెరపకుండా ఉంచుకుని ఉంటే ఎంత బాగుండేది!